పన్నెండు పంట్లు

నేను ఒక నోటుపుస్తకాన్ని. మొత్తం నలభై పేజీలు. నిండినవి పంతొమ్మిది, మిగతావి ఇప్పటికీ తెల్లగానే ఉన్నాయి. సగం కూడా నిండని పుస్తకానికి ఇంత టెక్కు ఏమిటని మీకు అనిపించవచ్చు. అట్ట నుంచి అట్ట దాకా నిండి, చివరికి పకోడీల పొట్లాలైపోయిన వాళ్ళు నా తోటివాళ్ళలో ఎంతమందో ఉన్నారు. నాకు ఆ గతి పట్టలేదు. నా పదిహేడో పేజీ చూడడానికి ఒక పేటలోని ఆడవాళ్ళందరూ చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. పుస్తకం పుట్టుక పుట్టాక ఇంతకంటే ఏం కావాలి?

నేను పుట్టింది రాజమండ్రిలో. అంతకుముందు కొండల్లో వెదురునై గాలికి ఊగినట్టు లీలగా గుర్తు. నరికారు, ఉడకబెట్టారు, గుజ్జు చేసి కాగితంగా పరిచారు. ఆ బాధలన్నీ ఇప్పుడెందుకు గానీ, ఒక చిన్న బైండింగు షాపులో నన్ను కోసి, నడుముకు రెండు పిన్నులు కొట్టి, నీలం అట్ట తొడిగారు. అట్ట మీద నెమలి బొమ్మ అచ్చు వేయబోతే కాగితం జారింది. నెమలి తల ఒకచోట, తోక ఇంకొకచోట పడ్డాయి. షాపతను నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది రెండో రకం" అని పక్కన పడేశాడు. ఆ మాట చాలాకాలం నన్ను ములుకులా గుచ్చింది. అప్పటికి నాకు సువార్తమ్మ తెలియదు మరి.

నర్సాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళు అల్లే లేసు గురించి మీరు వినే ఉంటారు. తెల్లటి దారపు ఉండ, కొస వంకర తిరిగిన సూది, చల్లటి అరుగు ఉంటే చాలు, ఆ చేతులు రోజంతా ఆడుతూనే ఉంటాయి. దారం మాసిపోకూడదు కాబట్టి సూది పట్టేముందు చేతులు కడుక్కోవడం అక్కడ భక్తితో సమానం. ఈ పని రెండు రకాలు. పువ్వులూ ఆకులూ విడివిడిగా అల్లడం చేతిపని. ఆ ముక్కలన్నిటినీ కలిపి గుడ్డగా చేయడం అతుకుపని. పేరంతా పువ్వు అల్లిన చేతిది. వంట చేసినావిణ్ణి మెచ్చుకుంటారు గానీ విస్తరి కుట్టినావిణ్ణి ఎవరు తలుచుకుంటారు?

సువార్తమ్మది అతుకుపని. ఆవిడ ఇల్లు గోదావరికి ఇవతల, సఖినేటిపల్లి రేవుకు కూతవేటు దూరంలో ఉన్న పేటలో. ఆవిడకు వరసకు వదినైన దీవెనమ్మది చేతిపని. దీవెనమ్మ పువ్వు వేస్తే తుమ్మెద వచ్చి వాలుతుందని పేటలో చెప్పుకునేవారు. తుమ్మెద వాలడం నేనైతే చూడలేదు గానీ దీవెనమ్మ ఆ మాట నమ్మేది.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట, బెజవాడలో చేతివృత్తుల ఎగ్జిబిషనుకు ఈ పేట నుంచి అయిదుగురు ఆడవాళ్ళను పంపారు. మూడు రోజులు జనం ముందు కూర్చుని లేసు అల్లి చూపించడమే వాళ్ళ పని. పంపించే సూపర్‌వైజరమ్మ ఒక్కొక్కరి చేతిలో ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు పెట్టి, "సిటీ వాళ్ళు ఏం అడుగుతున్నారో, ఏం మెచ్చుకుంటున్నారో రాసుకు రండి" అని చెప్పింది. రెండో రకం పుస్తకాలు పంచడానికి అంతకంటే మంచి అవకాశం ఆవిడకు దొరకలేదు. మా అయిదుగురిలో ఒకరు ఇల్లు దాటకముందే పొయ్యిలోకి పోయారు. ఒకరు పిల్లల ఎక్కాలకు పనికొచ్చారు. ఇద్దరు బస్సులో విసనకర్రలయ్యారు. రాయించుకున్న భాగ్యం నా ఒక్కదానికే దక్కింది.

సువార్తమ్మ మిషను బళ్ళో అయిదో తరగతి దాకా చదువుకుంది. అక్షరాలు గుండ్రంగా ఉండేవి గానీ, తలకట్టు పెట్టాల్సిన చోట మరిచిపోయి, అక్కర్లేని చోట పెట్టేది. నా మొదటి పేజీ ఇదీ:

"పంటు. మొదటి ట్రిప్పు. మంచు. ఒక గేదె, రెండు మోటారు సైకిళ్ళు, మేం అయిదుగురం. గేదె బయపల్లేదు. నాకు బయం."

పంటు అంటే తెలియని వాళ్ళుంటే చెబుతాను. రెండు పడవల్ని జతచేసి, పైన బల్లలు పరిచి, మోటారు బిగించి మనుషుల్నీ బళ్ళనూ గోదావరి దాటించే దాన్ని ఆ వైపు పంటు అంటారు. అవతలి ఒడ్డు నర్సాపురం. అక్కడ బస్సెక్కారు. రెండో పేజీలో ఊళ్ళు వరసగా ఉన్నాయి. "భీమవరం. ఆకివీడు. కైకలూరు. చెరువులే చెరువులు. గుడివాడ. దీవెన వదినకి వాంతి." ఈ చివరి సంగతి రాయమని సూపర్‌వైజరమ్మ చెప్పలేదు. సువార్తమ్మ మాత్రం ఏదీ దాచలేదు.

బెజవాడ గురించి ఆవిడ రాసింది చదివితే ఇప్పటికీ నాకు ముచ్చటేస్తుంది. "కాలవలు మూడు. ఊరు మద్యలోంచే. జనం వాటికేసి చూడరు. కృష్ణ పెద్దదే. మన గోదారంత కాదు." కృష్ణా తీరం వాళ్ళు నన్ను క్షమించాలి. రాసిన చెయ్యి నాది కాదు.

మూడో రోజు మధ్యాహ్నం కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ వచ్చింది. సువార్తమ్మ అతుకుతున్న బల్లగుడ్డను చేతిలోకి తీసుకుని వెనకా ముందూ చూసి అడిగింది.

"ఈ డిజైను మీదేనా అమ్మా?"

"కాదండి. ఏజెంటుగారు నమూనా ఇత్తారండి. అలాగే అల్లేత్తామండి."

"మరి మీ సొంతది ఏమన్నా ఉందా?"

సువార్తమ్మ నోరు తెరిచేలోగా పక్కనున్న దీవెనమ్మ పకపకా నవ్వింది. "ఈవిడది అతుకుపనండి. అతికేవోళ్ళకి డిజైనేంటండి?"

పెద్దావిడ కూడా నవ్వి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నా పదిహేనో పేజీ మీద పై వరసలో రెండే ముక్కలు పడ్డాయి. "డిజైను మీదేనా అన్నారు. కాదన్నాను." కింద పేజీ అంతా వదిలేసింది. కాగితాన్ని అంత పొదుపుగా వాడే మనిషి అలా వదిలేసిందంటే ఆ మాట ఎక్కడ తగిలిందో నాకు తెలిసింది. నన్ను రెండో రకం అన్నరోజు నాకూ అక్కడే తగిలింది.

మర్నాడు తిరుగు ప్రయాణం. బస్సు కిటకిటలాడుతోంది. సువార్తమ్మ కిటికీ పక్కన, దీవెనమ్మ ఆవిడ పక్కన కూర్చున్నారు. గుడివాడ దాటాక సువార్తమ్మ కిటికీలోంచి చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి సూదీ దారం తీసింది. వేళ్ళు ఏదో వెతుక్కుంటున్నట్టు కదిలాయి. అంతలో కండక్టరు వచ్చాడు.

"అమ్మా, ఆ సూది లోన పెట్టండి. బ్రేకు పడితే పక్కోళ్ళ కంట్లో దిగుద్ది."

ఆ కండక్టరు ఎవరో, ఏ ఊరో నాకు తెలియదు. చల్లగా ఉండాలి. సూది సంచిలోకి పోయింది, నేను బయటికి వచ్చాను. వేళ్ళతో అల్లడానికి వీల్లేక ఆవిడ పెన్సిలు పట్టుకుంది. ఇక్కడే చిక్కు వచ్చింది. లేసు పనికి రాత లేదు. తల్లి చేతిని చూసి కూతురు, అత్త చేతిని చూసి కోడలు నేర్చుకోవడమే గానీ, ఫలానా కుట్టును ఇలా రాయాలని ఎవరూ చెప్పలేదు. అందుకని ఆవిడ కళ్ళ ముందు ఏవి కనిపిస్తే ఆ పేర్లు పెట్టేసింది. నా పదిహేడో పేజీ ఇలా మొదలైంది:

"పంటు 12. రేవు. బస్సు 5. కిటికీ 1. బస్సు 5. రేవు. పంటు 12. మలుపు. కండక్టరు. కాలవలు 3. మళ్ళీ పంటు 12."

ఇలా మూడు పేజీలు. భీమవరంలో అందరూ దిగి టీ తాగినా ఆవిడ దిగలేదు. నర్సాపురం వచ్చేసరికి కొంచెం మిగిలింది. పంటు మీద నిలబడి, మునిమాపు వెలుతురులో నన్ను రైలింగు మీద ఆనించి, పంతొమ్మిదో పేజీ పూర్తిచేసింది. నిజం చెప్పొద్దూ, నేను ఆవిడకు ఎండదెబ్బ తగిలిందనుకున్నాను.

ఇంటికి వచ్చాక నన్ను ఎదురుగా పెట్టుకుని అల్లడం మొదలుపెట్టినప్పుడు గానీ నాకు తెలియలేదు. పంటు అంటే ఒక అంచు నుంచి ఇంకో అంచుకు ఖాళీ మీదుగా దాటే గొలుసు. పన్నెండు అంటే పన్నెండు కుట్లు. రేవు అంటే ఆ గొలుసు వెళ్ళి అతుక్కునే చోటు. బస్సు అంటే జనం కూరుకున్నట్టు దగ్గరదగ్గరగా వేసే కుట్లు. వాటి మధ్య వదిలే సందు కిటికీ. పక్కపక్కన మూడు సందులు కాలవలు. జీవితమంతా ఇతరుల పువ్వుల్ని అతికిన మనిషి కదా, అతుకునే డిజైను చేసేసింది. ఆ గుడ్డలో ఒక్క పువ్వు లేదు. అంతా దాటడమూ చేరడమూనే. నాలుగు నెలల తరవాత దాన్ని ఎత్తి పట్టుకుంటే గోదావరి మీద గాలి అలలు లేపినట్టు ఉంది. ఇంత గొప్పది ముందుగా నా ఒంటి మీద పుట్టిందని ఆ రోజు నేను పొంగిపోయాను.

ఆవిడ దాన్ని పేటలోని ప్రార్థన మందిరానికి ఇచ్చింది. ఆదివారం ప్రభువు బల్ల మీద, అంటే రొట్టే ద్రాక్షరసమూ ఉంచే బల్ల మీద, పరిచారు. పాస్టరు అయ్యగారి భార్య వచ్చి, "ఎంత బావుంది! ఈ డిజైను ఎక్కడిది సువార్తమ్మా?" అని అడిగింది. సువార్తమ్మ నోరు తెరిచేలోగా మళ్ళీ దీవెనమ్మే అందుకుంది.

"బెజవాడ ఎల్లొచ్చింది కదండి. అక్కడ సూసి ఎత్తేసుంటాదండి."

అందరూ ఆవిణ్ణి మెచ్చుకున్నారు. ఒక్కసారి చూసి ఎంత బాగా దింపిందో అన్నారు. ఆ మెచ్చుకోలు తిట్టుకంటే హీనంగా ఉందని ఎవరికీ తట్టలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు. మంచిదేదైనా సిటీ నుంచే రావాలని మనుషులకు ఎవరు చెప్పారో మరి.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. సువార్తమ్మకూ పౌరుషం తక్కువ కాదు. "అడిగితే సెప్తాను గానీ అడక్కుండా నేనెందుకు సెప్పుకోవాల?" అని ఇంటికొచ్చి నాతో అంది. నాతో అంటే ఏం లాభం?

పైగా కొన్నాళ్ళకు దీవెనమ్మ దారం కోసం వచ్చి, గూట్లో ఉన్న నన్ను తీసి తిరగేసింది. పదిహేడో పేజీ దగ్గర ఆగి పగలబడి నవ్వింది. "ఒసేయ్, ఇటు రండే! పంటు పన్నెండంట, మల్లీ పంటు పన్నెండంట! ఒక్క రోజులో అన్ని పంట్లు ఎలా ఎక్కేసేవే వదినా?" ఆ రోజు నుంచి పేటలో ఆవిడ పేరు పన్నెండు పంట్ల సువార్తమ్మ. ఆవిడ నా వంక చూసి, పెదవి బిగబట్టి, నన్ను రేకుపెట్టెలో వేసి అటక మీదికి ఎక్కించేసింది. మళ్ళీ అలాంటి గుడ్డ అల్లలేదు. దాదాపు ఇరవై ఎనిమిదేళ్ళు చీకట్లో ఉన్నాను. ఎలుకలు నెమలి తోకను కొరికాయి. తలకు ఏమీ కాలేదు.

ఇన్నేళ్ళలో కింద ఏం జరిగిందో అటక మీదికి వినపడే మాటల్ని బట్టే నాకు తెలిసింది. కొడుకు దానియేలు ఆటో కొన్నాడు. భీమవరం దగ్గరి నుంచి సలోమి అనే పిల్లను పెళ్ళి చేసుకున్నాడు. సలోమి వాళ్ళ ఇంట లేసు పని లేదు. అత్త దగ్గరే సూది పట్టడం నేర్చుకుంది. తరవాత సువార్తమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. నాలుక తిరగక మాట ముక్కలైపోయింది. ఆ మరుసటేడు వరదకు మందిరంలోకి నడుము లోతు నీళ్ళు వచ్చాయి. బల్ల మీది గుడ్డ మూడు రోజులు బురదలో నాని, ఎత్తబోతే పీలికలై చేతికొచ్చింది.

మందిరం కట్టి డెబ్బై అయిదేళ్ళయిన పండగ దగ్గర పడింది. బల్ల మీద మళ్ళీ అలాంటి గుడ్డే ఉండాలని అయ్యగారు అన్నారు. పెద్దలంతా సువార్తమ్మ అరుగు మీదే సమావేశమయ్యారు. సలోమి పెళ్ళిఫోటోలో ఆ గుడ్డ ఉంది గానీ, దాని మీద దానియేలు మోచేయి ఆనించి నిలబడ్డాడు. మోచేయి పక్కన ఒక మూల మాత్రం కనిపిస్తోంది.

దీవెనమ్మ అంది: "దానికింత ఆలోసన ఎందుకండి? మా వదిన బెజవాడలో సూసి ఎత్తిందే కదా. ఫోటో అట్టుకెల్లి అడిగితే అక్కడే దొరుకుద్దండి."

అరుగు మీద మంచంలో ఉన్న సువార్తమ్మ కదిలిందని తరవాత విన్నాను. ఎడమ చెయ్యి పైకెత్తి, "నా... నా..." అంది.

"నానా అంటంది. దానియేలుని పిలవండే!" అన్నారు ఎవరో. దానియేలు ఆటో ఆపి పరిగెత్తుకొచ్చి, "ఏంటమ్మా?" అని ముందు నిలబడ్డాడు. కొడుకును నానా అని పిలవడం ఆ ఇళ్ళలో మామూలే కాబట్టి తప్పెవరిదీ కాదు. ఆవిడ కొడుకు ముఖం కేసి కాసేపు చూసి గోడవైపు తిరిగి పడుకుంది. చెప్పనని బిగించుకున్న రోజుల్లో ఆవిడకు మాట ఉంది. చెప్పాలనుకున్న రోజుకు లేదు. అటక మీద నా పరిస్థితీ అంతే.

ఇద్దరు పెద్దలు ఫోటో పట్టుకుని బెజవాడ వెళ్ళారు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు రెండు రోజులు షాపులన్నీ తిరిగారు. అలాంటిది ఎప్పుడూ చూడలేదని అందరూ చెప్పారు. దీవెనమ్మకు అప్పుడూ అనుమానం రాలేదు. "పాత డిజైను కదండి, ఏసుకోడం మానేసుంటారు" అంది. ఇక మిషను మీద చేసిన గుడ్డేదో కొనేద్దామని తేల్చారు. పండగ ఆరు వారాల్లో ఉంది.

ఆ రోజుల్లోనే సలోమి పాత దుప్పటి కోసం అటక ఎక్కి పెట్టె తెరిచింది. అన్నేళ్ళకు వెలుతురు చూశాను. దుమ్ము దులిపి, "ఏంటత్తా ఇది, బెజవాడ ఎల్లినప్పుడు రాసుకున్నావా?" అని పక్కన కూర్చుంది. అత్తకు పొద్దుపోతుందని రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక కొన్ని పేజీలు చదివి వినిపించేది. గేదె భయపడలేదన్న చోట సువార్తమ్మ ఒక పక్క పెదవితో నవ్వింది. దీవెన వదిన వాంతి దగ్గర ఇద్దరూ నవ్వారు. పదిహేనో పేజీ చదివాక సలోమి ఆ రోజుకు నన్ను మూసేసింది. మర్నాడు పదిహేడో పేజీ వచ్చింది.

"పంటు పన్నెండు. రేవు. బస్సు అయిదు..."

సువార్తమ్మ ఎడమ చెయ్యి వచ్చి నా మీద పడింది. అట్ట గోళ్ళతో గీరుతూ, "పం... పంటు!" అంది. జబ్బు పడ్డాక ఆవిడ పలికిన మొదటి పూర్తి మాట అది.

"పంటెక్కాలనుందా అత్తా?"

ఆవిడ తల అడ్డంగానో నిలువుగానో గట్టిగా ఊపింది. సంతోషమనుకున్నారు. దానియేలు అప్పటికప్పుడు తల్లిని ఆటోలో కూర్చోబెట్టి, ఆటోతో సహా పంటు ఎక్కించి, నర్సాపురం రేవు చూపించి, మళ్ళీ పంటు మీదే తీసుకొచ్చాడు. పాపం, మంచి కొడుకు. ఇంటికి వచ్చాక ఆవిడ నన్ను కొట్టి, "పంటు!" అంది. మర్నాడు మళ్ళీ తీసుకెళ్ళాడు. పేటంతా నవ్వుకుంది. పన్నెండు పంట్లూ పూర్తిచేసే దాకా ముసల్ది ఊరుకోదన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒక ఇంగితం లేని నోటుపుస్తకాన్నే అయినా, ఒక్క మాట పలకగలిగే వరం ఇవ్వమని ఆ రోజు మనసారా దేవుణ్ణి అడిగాను.

ఆ రెండో రోజు సలోమి కూడా వెంట వచ్చింది. నేను కోడలి సంచిలో దారపు ఉండ పక్కన ఉన్నాను. పంటు కదిలి నీళ్ళలోకి వచ్చింది. అత్త ఎడమచేతి బొటనవేలు చూపుడువేలి మీద ఒత్తుతూ, వదులుతూ ఉంది. సలోమి మొదట జబ్బు వల్ల వణుకనుకుంది. తరవాత ఆ వేళ్ళ కేసే చూసింది. గొలుసు వేసేటప్పుడు దారాన్ని నెట్టే ఒత్తిడి అది. లెక్కబెట్టింది. పన్నెండు అవగానే సువార్తమ్మ కోడలి మణికట్టు మీద గోరుతో గుచ్చి, స్పష్టంగా, "రేవు" అంది.

పంటు అప్పటికి నది మధ్యలో ఉంది. రేవు ఏ పక్కనా దగ్గర్లో లేదు.

సలోమి నన్ను బయటికి తీసింది. పదిహేడో పేజీ తెరిచింది. "అత్తా, పంటంటే పంటు కాదా? గొలుసా?"

సువార్తమ్మ నవ్వింది. సగం ముఖమే నవ్వింది గానీ, అంత నిండైన నవ్వు నేను ఆవిడ ముఖంలో అంతకుముందు చూడలేదు. సలోమి అక్కడే ఆటోలో కూర్చుని సూది తీసి పన్నెండు కుట్ల గొలుసు వేసింది. అడ్డు చెప్పడానికి పంటు మీద కండక్టరు లేడు.

పంటు నుంచి బస్సు, బస్సు నుంచి కిటికీ, రెండు రోజుల్లో అన్నీ తెలిశాయి. సలోమి ఒకటి వేసి చూపిస్తే అత్త కళ్ళతో అవునో కాదో చెప్పేది. ఫోటోలో కనిపించే మూలతో సరిపోల్చుకున్నారు. ఒక్క మాట దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. కండక్టరు. అది ఎన్ని కుట్లో, ఎటు వేయాలో నాలో రాసి లేదు. నాకు తెలిసినా చెప్పే దారి లేదు. సలోమి పది రకాలుగా వేసి చూసింది. సువార్తమ్మ ప్రతిసారీ చేత్తో తోసేసింది. అది లేకపోతే వరసలు చదునుగా పడుకుండిపోతున్నాయి, అల లేవడం లేదు. వారం గడిచింది.

సంగతి తెలిసి దీవెనమ్మ వచ్చింది. "ఏంటంట, పంట్లు అల్లేత్తన్నారంట!" అంటూ వచ్చి, సలోమి ఒడిలోని ముక్క చేతిలోకి తీసుకుంది. అంచు తడిమింది. తరవాత నన్ను తీసుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట నన్ను చూసి నవ్విన కళ్ళే. ఈసారి ప్రతి మాటా వేలు పెట్టి చదివింది.

"కండక్టరు దగ్గర ఆగిపోయామత్తా. ఇదేంటో తెలుత్తాలేదు" అంది సలోమి.

దీవెనమ్మ ఆ మాట మీదే వేలు ఆనించి ఉంచింది.

"ముందు తలుపు కాడ బస్తాలు అడ్డంగా ఉన్నాయే. ఆడు ఎనక తలుపు ఎక్కాడు. ఎనకనించి ముందుకి అందరి మద్దెలోంచి దూరుకుంటా వొచ్చాడు. వొచ్చి ఈవిణ్ణి సూది లోనెట్టమన్నాడు." సలోమి చేతిలోని సూది వైపు చూపించింది. "ఎనకనించి పొడువమ్మా. ఎనకనించి ముందుకి."

సలోమి సూదిని వరస వెనకనుంచి గుచ్చి, అయిదు కుట్ల మధ్యలోంచి ముందుకు లాగింది. వరస ఒక్కసారిగా లేచి నిలబడింది. అచ్చం అలే. మంచం మీద సువార్తమ్మ నోటి నుంచి ఒక శబ్దం వచ్చింది, ఏడుపో నవ్వో చెప్పలేను.

దీవెనమ్మ నేల మీద చతికిలబడింది. మంచం పట్టె పట్టుకుని అంది: "నేను పక్క సీట్లోనే కూసున్నాను వదినా. నా పక్కనే పుట్టింది. నేను సూళ్ళేదు. బెజవాడలో ఎత్తేసేవని ఊరంతా సెప్పేను."

సువార్తమ్మ ఎడమ చెయ్యి చాచి ఆవిడ నెత్తి మీద ఒక్క మొట్టికాయ వేసింది. మాటలున్నా ఆవిడ అంతకంటే బాగా చెప్పి ఉండేది కాదు.

ఇంకా నాలుగు వారాలుంది. పేటలోని పదకొండు మంది ఆడవాళ్ళు చేతులు కడుక్కుని అరుగు మీద చేరారు. సలోమి నన్ను మధ్యలో పీట మీద పెట్టి వరసవరసా చదివింది. "పంటు పన్నెండు" అనగానే పదకొండు సూదులు కదిలేవి. అతుకుపని ఎవరు చేస్తారని అడిగితే దీవెనమ్మ, "నాకియ్యండే" అంది. తుమ్మెదలు వాలే చెయ్యి అతుకులోకి దిగింది. మూడుసార్లు ఊడదీయించుకుని మరీ చేసింది.

పండగ రోజు గుడ్డ పరిచాక, సాక్ష్యాలు చెప్పే సమయంలో దీవెనమ్మ లేచింది. ఆ మందిరంలో రోగం తగ్గినవాళ్ళూ, పరీక్ష పాసైనవాళ్ళూ లేచి దేవుడు చేసిన మేలు చెప్పుకోవడం ఆనవాయితీ. ఈవిడ తన తప్పు చెప్పుకుంది. "ఈ డిజైను బెజవాడది కాదండి. మా సువార్త వదినది. బస్సులో నా పక్కన కూసుని కట్టింది. ఇరవై ఎనిమిదేళ్ళు నేను అబద్దం సెప్పేను" అని చెప్పి కూర్చుంది. అసలు సాక్షిని నేనే అయినా, ఆ రోజుకు దీవెనమ్మ సాక్ష్యమే గట్టిదని ఒప్పుకుంటాను. ఇప్పుడు ఆ డిజైనును పేటలో అందరూ పన్నెండు పంట్లు అనే పిలుస్తారు. వెక్కిరింపే చివరికి పేరైపోయింది.

ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చాక సువార్తమ్మ ఎడమ చేత్తో పెన్సిలు అడిగింది. సలోమి పంతొమ్మిది తరవాతి ఖాళీ పేజీ తీసింది. ఆవిడ తల అడ్డంగా ఊపి, తనే వెనక్కి తిప్పుకుంటూ పదిహేనో పేజీ దగ్గర ఆగింది. "డిజైను మీదేనా అన్నారు. కాదన్నాను." దాని కింద ఇన్నేళ్ళూ వదిలేసిన ఖాళీలో పెన్సిలు ఆనించింది. ఎడమ చేతికి రాత కొత్త. నా అన్న అక్షరానికే చెమట పట్టింది. రెండోది రాసేటప్పుడు పెన్సిలు ముల్లు విరిగితే సలోమి చెక్కి ఇచ్చింది. అక్షరాలు వంకర, తలకట్టు ఎక్కడికో పోయింది. అయినా ఎవరైనా చదవగలరు.

నాది.

ఇప్పుడు నేను అటక మీద లేను. గూట్లో ఉంటున్నాను. దూరాల నుంచి ఎవరైనా వచ్చి, ఈ డిజైను ఎక్కడ దొరికిందని అడిగితే సలోమి జవాబు చెప్పదు. నన్ను తీసి పదిహేనో పేజీ తెరిచి ఇస్తుంది. ఇచ్చేముందు మాత్రం పెరట్లో నీళ్ళ తొట్టి చూపించి, చేతులు కడుక్కు రమ్మంటుంది.